మెత్తటి బుడిపెల మధ్య

దుర్గవ్వ పుట్టినప్పుడే ఒంటి మీద టీ చుక్కలు చిలికినట్టు లేత గోధుమరంగు మచ్చలుండేవి. పురుడు పోసిన ముసలమ్మ వాటిని చూసి పుట్టుమచ్చలంది. వాళ్ల ఊరు ధూళిమిట్టలో ఆ తర్వాత వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండేళ్లు దాటాక మెడ కింద చిన్న బుడిపె ఒకటి లేచింది. నొప్పి లేదు, దురద లేదు. వేలితో నొక్కితే లోపలికి పోయి, వేలు తీయగానే మళ్లీ పైకి వచ్చేది. దాని వెనక చేతుల మీద, వీపు మీద, కడుపు మీద ఒక్కొక్కటే లేస్తూ వచ్చాయి. పదో తరగతికి వచ్చేసరికి బళ్లో పక్కన కూర్చునే పిల్ల బెంచీ మార్చుకుంది. దుర్గవ్వ ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుంది. పరీక్షలు రాసింది, తప్పింది, మళ్లీ బడి మొహం చూడలేదు.

తల్లి కొండవ్వ మాత్రం ఊరుకోలేదు. పిల్లను వెంటబెట్టుకుని ఎవరు ఎక్కడ మందిస్తారంటే అక్కడికి తిరిగింది. ఒకాయన పసరు పూస్తే తోలు కాలిందే కానీ బుడిపె కరగలేదు. ఇంకొకాయన దారం బిగించి ఒకదాన్ని తెంపాడు. అది మానకముందే పక్కన ఇంకోటి మొలిచింది. చివరికి ఊళ్లో ఒక మాట స్థిరపడిపోయింది. కొండవ్వ నెలలు నిండి ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగిందట, పిల్ల అందుకే ఇట్లా అయిందట. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొండవ్వ అత్త దాన్ని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. భర్త అవుననలేదు, కాదనలేదు. కొండవ్వ నోరు విప్పలేదు.

వాళ్లది నేతపని చేసే ఇల్లు. బడి మానేసిన దుర్గవ్వను తండ్రి మగ్గం మీద కూర్చోబెట్టాడు. ఆ పని ఆమెకు సరిపోయింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నడుము కింద నుంచి ఎవరికీ కనపడదు. చూడవచ్చిన వాళ్లు కూడా చీర మీది బొమ్మను చూస్తారు కానీ నేసేవాళ్లను చూడరు. మోచేతులు దాటే జాకెట్టు తొడుక్కుని, కొంగు మెడ చుట్టూ తిప్పుకుని, ఆమె నెమ్మదిగా అంచుల్లో బొమ్మలు దింపడంలో దిట్ట అయింది.

సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయేవి. ఒకసారి సిద్దిపేట నుంచి బాలనర్సయ్య వచ్చాడు. బొంబాయి దగ్గర భివండిలో సాంచాలనే మరమగ్గాల మీద పనిచేసి, ఆ మోతకు ఒక చెవి మందగించి, ఇక చాలనుకుని తిరిగొచ్చిన మనిషి. పెద్దవాళ్లు దుర్గవ్వను కొంగు కప్పి కూర్చోబెట్టారు. దుర్గవ్వకు ఎందుకో ఆ రోజు విసుగనిపించింది. కొంగు తీసి, జాకెట్టు చేతులు పైకి లాగి చూపించింది. బాలనర్సయ్య కాసేపు చూసి ఒక్కటే అడిగాడు.

"నొస్తయా?"

లేదని తలూపింది దుర్గవ్వ.

"మరింకేం" అన్నాడతను.

అలా ఆమె సిద్దిపేటకు వచ్చింది. బస్టాండుకు కాస్త దూరంలో కిరాయి ఇల్లు, ముందు గదిలో మగ్గం. బాలనర్సయ్యకు తక్కువ వినపడుతుంది, దుర్గవ్వ తక్కువ మాట్లాడుతుంది. ఇద్దరికీ పొత్తు బాగానే కుదిరింది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం బుడిపెలు ఒక్కసారిగా పెరిగాయి. మొహం మీద, కనురెప్పల దగ్గర కూడా వచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. కృతిక అని పేరు పెట్టుకున్నారు.

పురిటి స్నానం పోసేటప్పుడు దుర్గవ్వ బిడ్డను బోర్లా తిప్పింది. నడుము మీద, తొడల మీద అవే లేత గోధుమరంగు మచ్చలు. చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. నీళ్లు చల్లారిపోతున్నాయని పక్కింటామె కేకేస్తే తేరుకుని, బిడ్డను తుడిచి బట్టలో చుట్టింది. ఆ మచ్చల సంగతి భర్తకు చెప్పలేదు, తల్లికి చెప్పలేదు. ఇంకో బిడ్డను కనలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఒక్కతి చాలంది.

కృతిక చలాకీ పిల్ల. పొడుగు చేతుల డ్రెస్సులే కుట్టించేది తల్లి. పిల్ల కూడా ఎప్పుడూ ఎందుకని అడగలేదు. డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా ఆమె మెడ మీద తామర లేచి, ఒక పట్టాన తగ్గలేదు. తల్లీకూతుళ్లు జిల్లా దవాఖానకు పోయారు. చర్మం డాక్టరు సాహితి వయసులో చిన్నది, వరంగల్ పిల్ల. తామరకు మందు రాసింది. రాస్తూ రాస్తూ కృతిక మెడ కింద మచ్చను చూసి కలం ఆపింది. ఇంకెక్కడెక్కడ ఉన్నాయని అడిగింది. నడుము మీద, తొడల మీద పుట్టినప్పుడే చూశానంది దుర్గవ్వ. తర్వాత పక్కన కొంగు కప్పుకుని నిలబడ్డ దుర్గవ్వ వైపు చూసి, తలుపు దగ్గరకు వేసి రమ్మని నర్సుకు చెప్పింది.

దుర్గవ్వకు డాక్టర్లు చూడటం కొత్త కాదు. చూస్తారు, నోట్లో నోట్లో ఏదో అనుకుంటారు, దీనికి మందు లేదు పొమ్మంటారు. ఈ పిల్ల అలా అనలేదు. కూర్చోబెట్టి వీపు, చేతులు, కంటి లోపల కూడా చూసింది. బుడిపెలను ఒట్టి వేళ్లతో పట్టి చూసింది. ఆ తర్వాత అడిగింది.

"వీటిల్ల ఏదన్న ఈ మధ్య మారిందా అమ్మా? తొందరగ పెరిగిందా, నొప్పి లేసిందా, గట్టిగైందా?"

దుర్గవ్వ ఆలోచించింది. ఎడమ రొమ్ము పక్కన ఒకటుంది. మిగతావన్నీ మెత్తగా ఉంటాయి, అదొక్కటే రాయిలా తగులుతుంది. బతుకమ్మ పండుగప్పుడు నీళ్లు పోసుకుంటుంటే చేతికి తగిలింది. ఒంటి నిండా ఉన్నవాటిలో అదొకటి, దానికేం లెక్క అనుకుంది. అదే మాట చెప్పింది. సాహితి దాన్ని పట్టి చూసి, చంక కింద కూడా చూసి చేతులు కడుక్కుంది. ఇది ఆ బుడిపెల జాతి కాదనిపిస్తోందని, రొమ్ము ఫోటో తీయించాలని, సూదితో ముక్క తీసి చూడాలని చెప్పింది. ఆ పూటే తానే వెంటబెట్టుకుని పోయి సర్జన్‌కు చూపించింది.

అది క్యాన్సరని తేలింది. చంకలోకి ఇంకా పాకలేదు.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురూ సాహితి గదిలో కూర్చున్నారు. బాలనర్సయ్య మంచి చెవిని డాక్టరు వైపు తిప్పుకుని కూర్చున్నాడు. సాహితి మొదట ఆ బుడిపెల జబ్బుకు పేరు చెప్పింది, ఆ తర్వాత సంగతి వివరంగా చెప్పింది. ఒంట్లో ప్రతి కణానికీ బయటి నుంచి పెరగమని, రెండుగా చీలమని కబురు వస్తుంటుంది. దెబ్బ మానాలన్నా, పిల్లలు ఎదగాలన్నా ఆ కబురు కావాల్సిందే. అయితే పని అయిపోయాక ఆ కబురును ఆపేవాళ్లు కూడా ఉండాలి. అందుకోసం కణం లోపల కొన్ని ప్రోటీన్లుంటాయి. వాటిలో ఒకదాని పేరు న్యూరోఫైబ్రోమిన్. దాన్ని తయారుచేసే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. దుర్గవ్వకు ఆ రెంటిలో ఒకటి పుట్టుకకు ముందే చెడింది. ఒక్కదానితోనే ఒళ్లు నెట్టుకొస్తోంది. నరాల చుట్టూ ఉండే కణాల్లో ఎక్కడైనా ఆ రెండోది కూడా చెడితే, అక్కడ పెరుగుదలను ఆపే దిక్కుండదు. అలా పెరిగినవే ఈ బుడిపెలు. ఇవి చాలావరకు క్యాన్సర్ కావు, ప్రాణానికేం చెయ్యవు. కానీ ఆ ఆపే ప్రోటీను తక్కువైన ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ మిగతావాళ్ల కంటే ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తుంది. అందుకే ముప్పై ఏళ్ల నుంచే ఏటా చూపించుకోవాలి. ఈ జబ్బు లేనివాళ్లకు వచ్చే క్యాన్సర్లలో కూడా ఇలాంటి ఆపే ప్రోటీన్లలో ఏదో ఒకటి దెబ్బతిని ఉండటం డాక్టర్లు చూస్తూనే ఉంటారు.

కృతిక అంతా విని, ఆ ప్రోటీనునే మందుగా ఇవ్వలేరా అని అడిగింది. ఇవ్వలేరని చెప్పింది సాహితి. అది ప్రతి కణం లోపల తయారవ్వాల్సిందే కానీ బయటి నుంచి పోసేది కాదు. అయితే ఆపేవాళ్లు లేని ఆ కబురు లోపల ఎక్కడెక్కడికి పోతుందో కనిపెట్టి, కాస్త ముందుకు పోయి అక్కడ అడ్డం పడే బిళ్లలు వచ్చాయి. ఒంటి లోపల పెద్ద గడ్డలున్న పిల్లలకు వాటిని ఇస్తున్నారు. మీ అమ్మకు మాత్రం ఇప్పుడు కావాల్సింది ఆపరేషన్ అంది.

హైదరాబాదు పెద్ద దవాఖానలో చేరారు. అక్కడి సర్జన్ రెండు దార్లు చెప్పాడు. గడ్డ చిన్నది కాబట్టి అందరికైతే గడ్డ వరకే తీసి, తర్వాత కరెంటు పెడతారు, అంటే రేడియేషన్ ఇస్తారు. కానీ దుర్గవ్వ ఒంట్లో ఆపే ప్రోటీను తక్కువ కాబట్టి, కరెంటు పెట్టినచోట కొన్నేళ్లకు కొత్త క్యాన్సర్ లేచే భయముంది. మొత్తం తీసేస్తే ఈ గడ్డకు కరెంటు అవసరం రాకపోవచ్చు. ఏం చేద్దామని ఆయన బాలనర్సయ్యను అడిగాడు.

"నన్నెందుకు అడుగుతున్నరు సారూ? ఒళ్లు ఆమెది. ఆమెనడుగుండ్రి" అన్నాడు బాలనర్సయ్య.

దుర్గవ్వ రేపు చెబుతానంది. వార్డులో మంచం మీద కూర్చుని కిటికీలోంచి చాలాసేపు చూసింది. ఈ ఒంటిని ఆమె ఎన్నడూ ఇష్టపడలేదు. దాన్ని దాచడమే తప్ప చూసుకోవడం నేర్చుకోలేదు. ఇప్పుడు అందులోంచి ఒక భాగం పోతుందంటే ఇంత దుఃఖం ఎందుకొస్తోందో ఆమెకే అర్థం కాలేదు. బిడ్డకు పాలిచ్చిన రొమ్ము అది. ఆ రోజుల్లో కృతిక పాలు తాగుతూ తల్లి మెడ మీది బుడిపెను పట్టుకుని ఆడుకునేది. ప్రపంచంలో ఆ బుడిపెలతో ఆడుకున్నది ఆ పిల్లొక్కతే. కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. బాలనర్సయ్య పక్కన కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు సర్జన్ వస్తే మొత్తం తీసేయమంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత కీమో మొదలైంది. జుట్టు రాలింది, నోరు పూసింది, అన్నం వాసన గిట్టకుండా పోయింది. బాలనర్సయ్య వంట నేర్చుకున్నాడు. మొదట్లో చారులో ఉప్పు వేయడం మరిచిపోయేవాడు, దుర్గవ్వకు ఎలాగూ రుచి తెలియదు కాబట్టి గొడవ రాలేదు. కృతిక మాత్రం ఆ చారు తిని నవ్వాపుకోలేక బయటికి పోయేది. తర్వాత కబురు తెలిసి ధూళిమిట్ట నుంచి కొండవ్వ సంచి సర్దుకుని వచ్చేసింది. డెబ్భై దాటిన మనిషి. వచ్చిన రోజే పొయ్యి దగ్గరి నుంచి అల్లుణ్ని లేపేసింది.

ఒక మధ్యాహ్నం ఇద్దరే ఉన్నారు. కొండవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. దుర్గవ్వ తలకు గుడ్డ కట్టుకుని గోడకానుకుని కూర్చుంది. చాలా రోజులుగా చెప్పాలనుకుంటున్న మాట చెప్పింది.

"అవ్వా, గ్రహణంతోని కాదంట గిది."

కొండవ్వ చేతులు ఆగాయి. "ఎవలన్నరు?"

"డాక్టరమ్మ చెప్పింది. కడుపుల పడే కాడనే లోపల ఏదో చెడుతదంట. గిసొంటోళ్లల్ల సగం మందికి ఇంట్ల ముందుగాల ఎవ్వలకు ఉండదంట. తల్లి ఏం తిన్నా, ఏడ తిరిగినా దానికేం సంబంధం లేదంట."

కొండవ్వ చేటలోని చిక్కుడుకాయలను అటూ ఇటూ కదిపింది. ఆ తర్వాత కూతురి వైపు చూడకుండానే మాట్లాడింది.

"నేను సోకుకు పోలేదు బిడ్డా గా పొద్దు. మీ నాయినమ్మనే పంపింది నీళ్లకు. ఇంట్ల చుక్క నీళ్లు లేవు, పో అన్నది. పోయిన. తర్వాత ఆమెనే ఊరందరికి చెప్పుకచ్చింది, కోడలు గ్రహణంల బయట తిరిగిందని. నువ్వే పంపితివి గద అని నేననలే. అంటే ఇంట్ల ఉండనిస్తుండెనా? ఇన్నేండ్లు తల వంచుకునే తిరిగిన. నిన్ను చూసినప్పుడల్లా గా బిందెనే యాదికొస్తుండె."

తల్లి ఎప్పుడూ తన మొహం వంక నేరుగా చూడకపోవడం దుర్గవ్వకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అసహ్యమనుకుంది. ఇన్నేళ్లూ అలాగే అనుకుంది.

"ఆమె పాయె, మీ నాయిన పాయె. ఇప్పుడు తప్పు నాది కాదని ఎవలకు చెప్పుకోవాలె?" అంది కొండవ్వ.

"నాకు చెప్పినవ్ గద" అంది దుర్గవ్వ.

కొండవ్వ చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. ఈనెల జిగురు అంటిన చేతులతోనే కూతురి మొహం పట్టుకుంది. కనురెప్పల దగ్గర, చెంపల మీద, గడ్డం కింద వేళ్లతో మెల్లగా తడుముతూ చూసింది.

తల్లి మీది నింద తీరింది, బాగానే ఉంది. కానీ ఆ తర్వాత దుర్గవ్వకు నిద్ర తక్కువైంది. కొండవ్వది తప్పు కాదు, ఎందుకంటే అది కొండవ్వ నుంచి రాలేదు. కృతికకు మాత్రం తన నుంచే వచ్చింది. పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రావడానికి సగం అవకాశం ఉంటుందని, ఆ మచ్చలు దాని గుర్తులేనని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూతురు పక్కనే ఉంది. ఆ రోజు నుంచి కృతిక మందులు తెస్తోంది, ఆటో మాట్లాడుతోంది, బస్సులో సీటు పట్టి తల్లిని కూర్చోబెడుతోంది. ఆ ఒక్క సంగతి మాత్రం ఎత్తదు. కీమో అయిపోయి, ఊళ్లో పనులున్నాయని కొండవ్వ ధూళిమిట్టకు తిరిగిపోయాక, ఒక ఆదివారం పొద్దున దుర్గవ్వే ఎత్తింది. నీకు నా నుంచే వచ్చింది బిడ్డా అంది.

"నాకు కోపం దానికి కాదమ్మా" అంది కృతిక. ఆరేసిన బట్టలు మడతపెడుతోంది, ఆపలేదు. "పుట్టిన్నాడే చూసినంటివి కదా డాక్టరమ్మతోని. మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమైతుండె? మందు లేకపాయె. నువ్వు పొద్దుమాపు అద్దం ముందు నిలబడి ఏడ లేస్తదా ఏడ లేస్తదా అని ఎతుక్కుంటుంటివి. గా బాధ నీకెందుకని."

"ఎతుక్కుంటనే ఉన్న" అంది కృతిక. "ఏడో తరగతి కాడి నుంచి ఎతుక్కుంటనే ఉన్న. ఒక్కదాన్నే."

దుర్గవ్వ తల దించుకుంది. కూతురికి ఏమీ తెలియదని, తాను దాచినంతకాలం ఆ పిల్ల సుఖంగా ఉందని ఇన్నేళ్లూ నమ్మింది. తలుపు వేసుకుని ఒంటరిగా అద్దం ముందు నిలబడ్డ చిన్నపిల్ల కళ్ల ముందు మెదిలింది. తప్పు చేసిన అంది. కృతిక ఫరవాలేదనలేదు. మడతపెట్టిన బట్టలు బీరువాలో పెట్టి వచ్చింది. తర్వాత కిటికీ వెలుతురు పడేచోట తల్లికి వీపు తిప్పి కూర్చుని, కుర్తా పైకి లాగింది.

"వెనుక నాకు కనవడది. నువ్వు చూసి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పాలె."

దుర్గవ్వ చూసింది. పురిటి స్నానం నాడు చూసిన మచ్చలు ఒంటితోపాటు పెద్దవై అక్కడే ఉన్నాయి. మెడ నుంచి నడుము దాకా అరచేతితో నిదానంగా తడిమింది. కుడి భుజం కింద వేళ్లకు ఏదో తగిలింది. శనగగింజంత ఉంది. లేదని చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది.

"ఒకటున్నది" అంది. "చిన్నది. మెత్తగున్నది."

కృతిక వీపు ఒక్కసారి బిగుసుకుని, మెల్లగా వదులైంది. ఇంకెక్కడన్నా ఉందా అని అడిగింది. లేదంది దుర్గవ్వ, మరోసారి తడిమి చూసి.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. దుర్గవ్వకు ఎడమ చెయ్యి ఇప్పుడు పూర్తిగా పైకి లేవదు, ఎక్కువసేపు పనిచేస్తే వాస్తుంది. చీర నేత బాలనర్సయ్య చేస్తాడు, అంచులో బొమ్మలు దింపే చోట అతను లేచి ఆమెకు చోటిస్తాడు. సాహితి బదిలీ మీద వేరే జిల్లాకు పోయింది. పోయే ముందు కృతికను కూర్చోబెట్టి ఏ వయసులో ఏ పరీక్షలు చేయించుకోవాలో, పెళ్లయ్యాక పిల్లల గురించి ఎవరితో మాట్లాడాలో అంతా చెప్పింది. కృతిక డిగ్రీ పూర్తి చేసి సిద్దిపేటలోనే ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తోంది. ఎండాకాలంలో పొట్టి చేతుల డ్రెస్సు వేసుకుంటోంది, చలికాలంలో వేసుకోదు. ఎవరన్నా చేతుల మీది మచ్చలు ఏమిటని అడిగితే, ఓపికుంటే చెబుతుంది, లేకపోతే పుట్టుమచ్చలంటుంది.

మొన్న వానాకాలంలో ఇద్దరూ పరీక్షలకు హైదరాబాదు పోయి వచ్చారు. తల్లికి మళ్లీ ఏమీ లేవలేదు. కూతురికి కంటి నరాలు, వెన్ను అన్నీ బాగున్నాయన్నారు. జూబ్లీ బస్టాండులో సిద్దిపేట బస్సు ఆలస్యమైంది. దుర్గవ్వకు కీమో నాడు పోయిన రుచి ఆ మధ్యే పూర్తిగా తిరిగొచ్చింది. మిర్చి బజ్జీలు తినాలనిపిస్తోందని కూతురితో అంది. కృతిక బండి దగ్గరికి పోయి రెండు పొట్లాలు కట్టించుకొచ్చింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, కారానికి ముక్కులు ఎగబీల్చుకుంటూ తిన్నారు. వచ్చేపోయేవాళ్లు కొందరు దుర్గవ్వ మొహం వైపు చూశారు. బస్సు వచ్చేదాకా వాళ్లిద్దరూ బజ్జీల సంగతే మాట్లాడుకున్నారు.